మూయని పుస్తకాలు

చెవులు పోతున్నాయని జయచంద్ర సారు బడిలో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? చిత్తూరులో చెవిటి ఇంగ్లీషు మాస్టరుకు పని ఇచ్చే మారాజు ఎవడున్నాడు! నరం ఎండిపోయింది, మిషను పెట్టినా లాభం లేదని తిరుపతి డాక్టరు తేల్చినప్పటి నుంచి పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. అర్థం కాకపోతే "అట్లే సార్" అనేస్తాడు. బడిగంట అంటే వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క. అది మోగితే వీధి చివరి కుక్కలు కూడా మొరుగుతాయి. ఆయన మాత్రం పిల్లలు పుస్తకాలు మూయడం చూసి, గంటయిందని తెలుసుకుని బయటికి వస్తాడు.

పొద్దున భార్య జ్ఞానాంబ ఎదురుగా నిలబడి బతిమాలింది. "మనంతట మనమే చెప్పేస్తే పోలా? వాళ్లు కనిపెడితే నగుబాటు కదప్పా!"

"చెప్తే పొయ్యి మింద ఏం పెడతావు?" అని కసిరి వచ్చేశాడు.

ఆ రోజే బడి నడిపే కరస్పాండెంటు ఏకాంబరం వచ్చి ఏడో తరగతి వెనక బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు ఏమడిగినా సారు పలకడం లేదని ఎవరో తల్లి ఫిర్యాదు చేసిందట. సారు భయపడుతూనే పుస్తకం తెరిచాడు. పాఠం చూస్తే, ఖర్మ కాకపోతే, 'హియర్'కూ 'లిజన్'కూ తేడా!

"హియర్ అంటే చెవిలో పడేది. వద్దన్నా పడుతుంది, పక్కింటి మిక్సీ మాదిరి" అన్నాడు. పిల్లలు నవ్వారు. "లిజన్ అంటే మనసు పెట్టి వినేది. అది మనం చేసే పని. అందుకే 'ఐ యామ్ లిజనింగ్' అంటాం. 'ఐ యామ్ హియరింగ్' అని మామూలుగా అనం. ఇంకోటి సూడండి, ఎవరి మాట వింటామో చెప్పాలంటే లిజన్ పక్కన 'టు' పెట్టాల. లిజన్ టు మీ. హియర్‌కు అదక్కర్లా. ఐ హియర్ ద మిక్సీ."

చెబుతూ చెబుతూ భయం మరిచాడు. తనకు చెవులు లేవన్న సంగతే మరిచాడు. చేతి గడియారమూ చూసుకోలేదు. పిల్లలు కళ్లార్పడం లేదు, ఒక్క పుస్తకమూ మూతపడలేదు. ఇంకా టైముందనుకుని మరో ఉదాహరణ ఎత్తుకున్నాడు.

తలుపు దగ్గర, తర్వాతి పీరియడుకు వచ్చిన లెక్కల టీచరు స్టెల్లా నిలబడి ఉంది. ఎన్నిసార్లు పిలిచిందో ఏమో, ఆమె మొహం పాలిపోయింది. అప్పుడర్థమైంది సారుకు. గంట ఎప్పుడో కొట్టేశారు. పాఠంలో పడి పిల్లలు కదల్లేదు. అయ్యో, బాగా చెప్పడమే ఆయన కొంప ముంచింది!

ఏకాంబరం లేచి దగ్గరికొచ్చాడు. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. పెదాలు కనపడలేదు. దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు అనుకున్నాడు సారు.

"అట్లే సార్" అన్నాడు.

ఏకాంబరం రుమాలు తీశాడు. ఒక్కో మాటా విడమరిచి అన్నాడు: "రేపట్నుంచి రావద్దంటిని, జయచంద్రా. అట్లే అంటివి."

"సార్, బిడ్డలుండారు..." అంటూ సారు చేతులు జోడించాడు. ఏకాంబరం మొహం పక్కకు తిప్పుకుని ఇంకేదో అన్నాడు. అదేమిటో ఆయనకు తెలియలేదు. ముందు బెంచీలో రూపశ్రీ అనే పిల్ల ఏడుస్తోంది. పిల్లలెవరూ ఇంకా పుస్తకాలు మూయలేదు.