చెరకు మొవ్వు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన కురవదు, ఎండ కాయదు. మాకవరపాలెం అవతల, మంగరాజు చెరకు తోటలో కాపలావాడు, చెరకు నరికే కూలి సోమలమ్మ నెత్తి మీది మొవ్వు కట్టను లాగి కింద పడేశాడు.

చెరకు నరికినవాళ్లు ఆ పచ్చి కొసల్ని తమ పశువులకు పట్టుకెళ్లడం మా తాతలనాటి ఆనవాయితీ. మంగరాజు ఒకసారి ఆపితే, డెబ్బై నాలుగులో సంఘం పెట్టి, చెరకు కత్తులు కింద పెట్టి పని ఆపి, మళ్లీ సాధించుకున్నాం.

"గేదె సూడిదండి బాబూ. ఏటెట్టమంటారు?" అంది సోమలమ్మ.

"మీ సంఘాన్నడుగు. ఏ సంఘమో ముందు తేల్సుకో!" గట్టు మీంచి నవ్వాడు మంగరాజు.

చదువుకునే తమ్ముళ్లారా, మేము లాఠీలకు విరగలేదు. ఎమర్జెన్సీలో, సంఘం నడిపిన మా లోవరాజునీ సోమన్ననీ ఒకే జైల్లో పెట్టారు. బయటికొచ్చాక ఓట్లకు నిలబడదామని లోవరాజు, వద్దని సోమన్న. సంఘం రెండైంది. ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లడం కూడా మానేశారు.

మొవ్వు కోసం లోవరాజు సోమవారం సమ్మె అన్నాడు. సోమన్న మంగళవారం అన్నాడు.

"రెండ్రోజులూ అందరం ఆగితే ఏటవుద్దిరా?" అన్నాను.

"ఆళ్ల పిలుపుకి మనం ఆగితే ఆళ్లు గెలిసినట్టే!" ఇద్దరిదీ అదే మాట.

సోమవారం వీళ్లు ఆగితే వాళ్లు నరికారు. మంగళవారం వాళ్లు ఆగితే వీళ్లు నరికారు. మొవ్వంతా మంగరాజు పశువుల సాలలోకి పోయింది.

బుధవారం సోమలమ్మ గేదెను తెచ్చి, చెరకు బండ్లు గానుగకు వెళ్లే దారికి అడ్డంగా కట్టేసింది. వెనకే తోటి కూలి బుల్లమ్మ, ఆ వెనక రెండు సంఘాల ఆడవాళ్లూ తమ గేదెలతో వచ్చారు. నరికిన చెరకు గానుగాడకపోతే రసం ఇంకిపోతుంది. మంగరాజు నవ్వు ఆగిపోయింది. నర్సీపట్నం నుంచి జీపు వచ్చింది.

"ఏ సంఘమే నీది?" అన్నాడు ఎస్సై.

"గేదెకేటి సంఘం బాబూ?"

సోమలమ్మను జీపెక్కించారు. "దాన్ని ఇప్పకండ్రా!" అని అరిచింది. ఎవరికి చెప్పిందో పేరు పెట్టలేదు.

ఎవరూ విప్పలేదు. లోవరాజు గడ్డి మోపు తెచ్చాడు. అప్పటికే సోమన్న కుడితి గోలెం పెట్టి ఉన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బుల్లమ్మ దారి మధ్యనే చోడి అంబలి కుండ దించింది. లోవరాజు తాగిన ముంతే సోమన్న చేతికి వచ్చింది. తాగాడు. పొద్దు వాలినా దారి మీంచి ఎవరం లేవలేదు.