దుప్పట్లమ్మ మూడో పరీక్ష

ఆసుపత్రి లాండ్రీలో ఆరబెట్టే మెషిను ఆగిందంటే చాలు, దుప్పట్లమ్మ వెచ్చటి దుప్పటిని రెండు మూలలా పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తేది. ఆమె చూసేది గుడ్డని కాదు, గుడ్డ పలచబడి వెలుగు తోసుకొచ్చే చోటుని. ఇంకో రెండు ఉతుకులకి చిరగబోయే దుప్పటిని ఇవాళే పక్కన పడేసేది. ఇరవై రెండేళ్లలో ఆమె చేతి మీదుగా వెళ్లిన దుప్పటి ఏ రోగి కిందా చిరగలేదు. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ మధ్య బట్టల గది ఇన్‌చార్జి రిటైరయ్యాడు. ఆ గదిలో పెద్ద కిటికీ ఉంది, కిటికీ పక్కన గుండ్రంగా తిరిగే కుర్చీ ఉంది. నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయిన దుప్పట్లమ్మకి ఆ కుర్చీ కలలోకి కూడా వచ్చేది. పని ఆమెకి కొట్టిన పిండి. కానీ ఇన్‌చార్జి కావాలంటే చదివి అర్థం చేసుకునే పరీక్ష ఒకటి రాయాలి. అందులో ఒక సమాచారం పాఠం, ఒక కథ, ఒక కవిత ఉంటాయి, మూడింటిలోనూ విడివిడిగా పాసవ్వాలి. ఆమె రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కవిత దగ్గరే బోల్తా పడింది. మూడోసారీ తప్పితే ఇక రాయనివ్వరు. కుర్చీలో బయటివాళ్లెవరో వచ్చి కూర్చుంటారు, ఆమె మాత్రం రిటైరయ్యేదాకా మెషిను ముందు నిలబడాల్సిందే.

పాఠాలు చెప్పే పని అల్లుడు నెత్తికెత్తుకున్నాడు. అతను చిన్నపిల్లల బడిలో టీచరు. రోజంతా కసిరి కసిరి అలవాటైన నోటిని అత్తగారి ముందు అదుపులో పెట్టుకోవడం అతనికి పెద్ద పరీక్ష. సాయంత్రం కాగానే భోజనాల బల్ల మీది గాజు గ్లాసులన్నీ తీసి లోపల పెట్టేవాడు. చదివినది అర్థమైతే, అర్థమైనంత మేరకు అది వచ్చి ఎదుట నిలబడుతుంది కదా, పుస్తకం మూసేదాకా పోదు కదా. వచ్చేది ఏనుగో ఎండ్రకాయో ముందే ఎవరికి తెలుసు?

మొదటి రోజు పెంగ్విన్ల గురించిన పాఠం. దుప్పట్లమ్మ గడగడా చదివేసింది. నల్లకోటు తొడుక్కున్నట్టున్న పక్షి ఒకటి బల్ల మీదికొచ్చి, అటూ ఇటూ చూసి, రివ్వున లేచి ఫ్యానుకి కొట్టుకుంది.

"అత్తయ్యా, మూడో లైను వదిలేసినట్టున్నారు," అన్నాడు అల్లుడు.

"లేదండీ అల్లుడుగారూ, అన్నీ చదివాను."

అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. అత్తగారిని ఏమీ అనలేక పైకి చూసి, "ఏమోయ్, కాస్తయినా ఒళ్లు దగ్గర పెట్టుకోనక్కర్లేదా? రెక్కలు కనబడితే ఎగిరిపోవడమేనా? ఇంత పరాకయితే ఎలా?" అని పెంగ్విన్‌కి గడ్డి పెట్టాడు.

దుప్పట్లమ్మ నవ్వు ఆపుకుంటూ మూడో లైను మళ్లీ చదివింది. ఈ పక్షి ఎగరలేదు, ఈదుతుంది అని ఉంది. పెంగ్విన్ దభీమని సోఫాలో పడి, లేచి, కాళ్లీడ్చుకుంటూ స్నానాలగది వైపు వెళ్లింది.

"అమ్మా, నా బకెట్లో ఎవరో ఉన్నారు," అని లోపల్నుంచి కూతురు కేకేసింది.

కథలు వచ్చేసరికి అల్లుడికి చెప్పే పనే లేకపోయింది. ఒకరోజు కథలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఒకామె గడియారం ఎప్పుడో బాగైపోయినా, ఆయన వారం రోజులుగా రేపు రండి, రేపు రండి అంటూనే ఉన్నాడు. ఎందుకని ప్రశ్న. ముసలాయన కుర్చీలో కూర్చుని కంటి అద్దం తుడుచుకుంటున్నాడు. దుప్పట్లమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన పక్కన ఇంకో స్టూలు ఉంది, ఆయన మాటిమాటికీ దాని మీది దుమ్ము దులుపుతున్నాడు.

"పాపం, మాట్లాడే మనిషి లేడండీ ఈయనకి," అంది.

ముసలాయన తలెత్తి ఆమె వైపు చూశాడు. జవాబు దొరికాక కూడా ఆమె పుస్తకం వెంటనే మూయలేదు. కాసేపు ఆ స్టూలు మీద కూర్చుని ఆయనతో ఎండల గురించి మాట్లాడింది.

చిక్కంతా కవితతోనే. నాలుగు నెలలు చదివినా ఒక్క కవితలోంచి ఒక్క గడ్డిపోచ రాలేదు. అల్లుడు బల్ల కిందికి వంగి మరీ వెతికేవాడు. ఒకసారి ఈగ కనబడితే ఇద్దరూ సంబరపడ్డారు, తీరా చూస్తే అది వీధిలోంచి వచ్చిన ఈగ.

"పోనీ భావాలు బట్టీ పట్టేయండి అత్తయ్యా."

పట్టింది. చంద్రుడంటే ఫలానా, దీపమంటే ఫలానా అని ఇస్త్రీ చేస్తూ కూడా వల్లె వేసింది. అయినా ఏమీ రాలేదు. పరీక్ష ముందు రోజు పుస్తకం పక్కన పెట్టేసి, "నాకు రాదులెండి అల్లుడుగారూ. అందులో ఉన్నదే నాలుగు ముక్కలు, ఇంక అర్థం చేసుకోవడానికి ఏముందని?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అల్లుడు తిట్టడానికి పెంగ్విన్ కూడా లేక ఊరుకున్నాడు.

పరీక్ష హాలు గోడకి నోటీసు అంటించారు. పేపర్లోంచి వచ్చినవాటిని ఎవరి బెంచీ కింద వారు ఉంచుకోవలెను, పక్కవారివి చూసి రాయరాదు అని. సమాచారం పాఠం తాబేళ్ల గురించి. దుప్పట్లమ్మకి తాబేలు చక్కగా వచ్చింది. పక్కబెంచీ ఆయనకి ఉత్త డిప్ప మాత్రమే వచ్చింది, ఆయన మెడ చాచి ఈమె తాబేలు కాళ్లు లెక్కపెడుతుంటే హాల్లో తిరుగుతున్న మేడమ్ వచ్చి దాని మీద తువ్వాలు కప్పింది. కథలోంచి పోట్లాడుకున్న అన్నదమ్ములు వచ్చి బెంచీకి చెరో చివర ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. అవతలివాడు ముందు పలకరించాలని ఇద్దరికీ ఉంది, దుప్పట్లమ్మ ఆ మాటే రాసింది.

ఇక మిగిలింది కవిత.

పెరట్లో ఉయ్యాల,
దాని మీద ఎవరూ లేరు.

గాలి లేదు,
ఒక్క ఆకూ కదల్లేదు.

ఉయ్యాల మాత్రం
ఊగుతూనే ఉంది.

ఉయ్యాల ఎందుకు ఊగుతోందో మీ మాటల్లో రాయండి అని ప్రశ్న. బట్టీపట్టిన భావాల్లో ఉయ్యాల లేదు. ఏం చేయాలో తోచక, చేతుల అలవాటు కొద్దీ, కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తింది.

"అది ఎక్స్‌రే కాదమ్మా," అంది మేడమ్.

దుప్పట్లమ్మకి ఆ మాట వినబడలేదు. వెలుగు అక్షరాల దగ్గర ఆగి, మధ్య మధ్య ఖాళీల్లోంచి తోసుకొస్తోంది. ఇన్నాళ్లూ తను ఆ ఖాళీలని ఒక్క అంగలో దాటేసిందని ఆమెకి అర్థమైంది. ఈసారి ఒక్కో ఖాళీ దగ్గరా ఆగింది. ఎవరూ లేరు. ఆగింది. గాలీ లేదు. ఆగింది. చివరిదాకా వచ్చాక తనలో తను నవ్వుకుని, కాగితం దించి ఒక్క వాక్యం రాసింది.

"ఇప్పుడే ఎవరో దూకి పరిగెత్తారు."

బెంచీ కింద వెతికింది. ఏమీ రాలేదు. మేడమ్ కూడా వంగి చూసి, పాపం అన్నట్టు తలాడించింది. కాగితాలు తీసేసుకోగానే అన్నదమ్ములూ తాబేలూ వెళ్లిపోయారు. ఇక అయిపోయిందిలే అనుకుంటూ దుప్పట్లమ్మ లేచి బయటికొచ్చింది.

గేటు దగ్గర స్కూటరు మీద కాచుకున్న అల్లుడు నోరు తెరిచాడు. రెయిలింగు పట్టుకోకుండా మెట్టు దిగని అత్తగారు, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, రెండేసి మెట్లు దూకుతూ వస్తోంది.

"ఈసారీ కవితలో ఏమీ రాలేదండీ," అందామె, ఆయాసమన్నది లేకుండా.

"రాకపోవడమేంటి అత్తయ్యా, ముందు మీ కాళ్లు చూసుకోండి."

అప్పటిదాకా ఆమె చూసుకోలేదు. మోకాళ్లలో నొప్పి మచ్చుకైనా లేదు. కాళ్లలోకొచ్చిన ఆ పరుగు పుస్తకం మూస్తే వెళ్లిపోయే రకం కాదు, మర్నాడూ పోలేదు, ఫలితాలొచ్చిన రోజూ పోలేదు. మూడింటిలోనూ పాసైంది.

ఇప్పుడు బట్టల గది ఆమెది. వార్డుల నుంచి దుప్పట్ల కోసం వచ్చేవాళ్లు పెద్ద కిటికీ దగ్గర ఎవరూ కనబడక, ఇన్‌చార్జి గారెక్కడని అడుగుతుంటారు.

లాండ్రీ వాళ్లు తలెత్తకుండానే కుర్చీ వైపు చెయ్యి చూపిస్తారు. అది ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంటుంది.