నీలిమందు చుక్క

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడుముకుంటాను. పక్కింటి పిల్ల పేజీ నింపేలోపు నాకు రెండు వరుసలు కావు. తప్పులు కనబడితే సర్దుకుని చదువుకోండి. కథ చెప్పడంలో మాత్రం తడబడను.

గురజాల బడిలో సాయంత్రం కత్తిసాధన ముగిసేసరికి సబా అనే పిల్ల కోటు ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉండేది. ఆమెతో ఆడే నిఖత్ కోటు మీద మాత్రం పొట్ట దగ్గర, భుజం మీద, మోచేతి మీద అన్నీ నీలం చుక్కలే. కత్తి మొనకున్న రబ్బరు బుడిపెను తడిపిన నీలిమందులో అద్ది ఆడేవాళ్ళు. మొన తగిలిన చోటల్లా చుక్క పడేది. ఎవరి కోటు మీద చుక్కలు ఎక్కువుంటే వాళ్ళు ఓడినట్టు. దెబ్బ తగలగానే లైటు వెలిగే కరెంటు పెట్టె బడికి లేదు గనక హిమజ మేడం చేసిన ఏర్పాటు అది.

హిమజ మేడం నరసరావుపేట మనిషి. కాలేజీలో ఫెన్సింగ్, అంటే ఈ కత్తి ఆట, ఆడింది, ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. వ్యాయామం టీచరుగా గురజాల వచ్చిన రోజు పొడుగాటి సంచీ భుజాన వేసుకుని గేటులోకి వస్తుంటే, చేపలు పట్టే గేలాలు తెచ్చిందనుకున్నారు పిల్లలు. మేడం ఫెన్సింగ్ నేర్పుతుందంట అని నిఖత్ ఇంట్లో చెబితే, ఆటోల మెకానిక్కు అయిన వాళ్ళ నాన్న ముబారక్ ఎవరి పొలానికి అని అడిగాడు. పత్తిచేల చుట్టూ కట్టే ముళ్ళతీగే ఆయనకు తెలిసిన ఫెన్సింగ్.

మేడం వరండాలో నాపరాళ్ళ మీద సున్నంతో పొడుగ్గా గీతలు గీసింది. ఆట అంతా ఈ గీతల మధ్యే, ముందుకు పోవచ్చు, వెనక్కి రావచ్చు, పక్కదారి లేదు అంది. సంచీ విప్పి, కత్తుల్లో మూడు రకాలుంటాయని చెప్పింది. ఫాయిల్ అనేదానితో మొండెం మీదే పొడవాలి. సేబర్‌తో నడుం పైన ఎక్కడైనా, మొనతోనే కాదు అంచుతో కూడా కొట్టొచ్చు. తను తెచ్చింది మూడోది, ఎపీ. దీనికి తల నుంచి కాలి బొటనవేలి దాకా ఒళ్ళంతా గురే. మొన మాత్రం గట్టిగా నొక్కుకోవాలి, ఊరికే రాసుకుపోతే లెక్కలోకి రాదు. ముఖానికి జల్లెడలాంటి మాస్కు, ఒంటికి మందపాటి కోటు ఉంటాయి గనక ఎవరికీ గాయం కాదు. ఆట మొదలెట్టేముందు కత్తి మొహం దాకా ఎత్తి ఎదుటివాళ్ళకు సలాం చేయాలి. చేయకుండా మొదలెడితే అది ఆట కాదు, కొట్లాట.

చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు మెరిసేవి. టీ చల్లారిపోయినా పట్టేది కాదు.

"ఇది కండల ఆట కాదర్రా. ఎదుటి మనిషి ఏం చేయబోతుందో ఆమె ముందుకాలు చెప్పేస్తుంది. అది చూసి, ఆమె కంటే రవ్వంత ముందు చెయ్యి చాచాలి. అదంతా తెలిసి చెయ్యి ఆగిపోతే మాత్రం ఏమీ లేదు."

ఆ చివరి మాట నిఖత్ కోసమే అన్నట్టయింది తర్వాత.

ఎందుకంటే బడి మొత్తంలో నిఖత్ అంత చురుకైన కాళ్ళు ఇంకెవరికీ లేవు. సబా ఏ పక్క నుంచి వస్తుందో ముందే పసిగట్టేది. కత్తిని పక్కకు తోసేది, అడుగు చాచి మొనను సబా గుండెల దాకా తీసుకుపోయేది. అక్కడ చెయ్యి ఆగిపోయేది. మొనకూ కోటుకూ మధ్య దారం పట్టేంత సందు. ఆ సందులో సబా తీరిగ్గా పొడిచేసేది.

"ఏమే, నేనేమన్నా గాజుగ్లాసునా? పగిలిపోతానా?" అనేది సబా. "పొడువు. మా అమ్మ ఉతుక్కుంటదిలే."

మేడం దిండును స్తంభానికి కట్టి పొడవమంది. దిండును నిఖత్ తూట్లు పొడిచినంత పని చేసింది. మనిషి ఎదురొస్తే మళ్ళీ అదే సందు.

జిల్లా జట్టు ఎంపిక వేసవి సెలవుల ముందు నరసరావుపేటలో. పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల ఎపీ జట్టులో నలుగురికే చోటు. నిఖత్ అప్పుడు తొమ్మిదో తరగతి. ముబారక్ చెడ్డవాడు కాదు గానీ పట్టినపట్టు వదిలేవాడు కాదు. చోటొస్తే రాష్ట్రపోటీలకు తనే దగ్గరుండి పంపిస్తానన్నాడు. రాకపోతే కత్తి మేడంకి అప్పజెప్పి పదో తరగతి పుస్తకాలు ముందేసుకోవాలన్నాడు. తల్లి తస్లీమ్ కూడా ఆ మాటకే తలాడించింది. నిఖత్ సరేనంది. పుస్తకాలంటే ఆ పిల్లకు భయం లేదు. సాయంత్రాలు ఆ సున్నం గీతల మధ్య నిలబడటం పోతుందన్నదే దిగులు.

ఎంపిక దగ్గరపడుతున్న రోజుల్లో ఒకసారి తగిలింది. సబా మరీ మీదికొచ్చేసరికి నిఖత్ మొన ఆమె కడుపులో దిగబడినంత గట్టిగా తగిలి, కోటు మీద నిండుగా నీలం చుక్క పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిఖత్ మాత్రం కత్తిని నేలమీద పెట్టింది. సబా దగ్గరికెళ్ళి భుజం తాకింది. వరండా మెట్ల మీదికి పోయి కూర్చుంది. ఆ సాయంత్రం మళ్ళీ లేవలేదు.

మేడం పక్కన కూర్చుని ఏందిది అని నెమ్మదిగా అడిగింది. నిఖత్ నోటి నుంచి అప్పుడొచ్చింది అసలు సంగతి.

వాళ్ళ దాదా, అంటే తాత, గులాం మొహిద్దీన్ కర్రసాములో ఉస్తాద్. పీర్ల పండగకు నిప్పుల గుండం ముందు ఆయన కర్ర తిప్పుతుంటే పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసేవాళ్ళు. వాళ్ళ వీధి ఆటకు ఒక కట్టుబాటు ఉంది. కర్ర గాలి కోసుకుంటూ వచ్చి ఎదుటివాడి చెవి పక్కన వెంట్రుకవాసిలో ఆగాలి. ఆపగలిగినవాడే ఆటగాడు. తగిలిందంటే కొట్టినవాడికే సిగ్గు. కర్ర నేలమీద పెట్టాలి, దెబ్బ తిన్నవాడి భుజం తాకాలి, పక్కకు పోయి కూర్చోవాలి. మళ్ళీ పండగ దాకా కర్ర ముట్టకూడదు. మగపిల్లలెవరూ పట్టించుకోకపోతే దాదా మిద్దె మీద మనవరాలికే అదంతా నేర్పాడు. ఆ పిల్ల చేతికి మాటలకంటే ముందు ఆగడం వచ్చింది.

మర్నాడు మేడం వాళ్ళింటికి వచ్చింది. నిఖత్ టీ ఇచ్చి గుమ్మం పక్కన నిలబడింది. మేడం చెప్పేదంతా విని, ముసలాయన గడ్డం సవరించుకుని, తగిలించడానికి ఉస్తాద్ ఎందుకమ్మా అన్నాడు. ఆ పని వీధిలో తాగినవాడు కూడా చేస్తాడన్నాడు. తన పిల్ల చేతిలో తప్పేం లేదనీ, ఉన్నదల్లా మీ ఆటలోనేననీ ముఖం మీదే అనేశాడు. నిఖత్‌కు భూమిలోకి దిగిపోదామనిపించింది.

మేడం కోపం తెచ్చుకోలేదు. గ్లాసు పక్కనపెట్టి ఒకటే మాట చెప్పింది.

"మీ ఆటలో కొట్టినవాడు ఒప్పుకుంటాడు ఉస్తాద్‌జీ. మా ఆటలో తగిలించుకున్నవాళ్ళు ఒప్పుకుంటారు. లైటు వెలగకపోయినా, ఎవరూ చూడకపోయినా, తగిలిందని చెయ్యెత్తి చెప్పడం మా దగ్గర పెద్దమనిషితనం. మా కోచ్ మాకు ముందు అదే నేర్పాడు."

ముసలాయన టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, చూడనివాడి ముందు కూడానా అని అడిగాడు. చూడనివాడి ముందు కూడా అంది మేడం. ఆయన టీ తాగేసి లోపలికి వెళ్ళిపోయాడు. మేడం వెళ్ళేటప్పుడు కూడా బయటికి రాలేదు. ఇక అయిపోయిందనుకుంది నిఖత్.

అయిపోలేదు. తర్వాతి రోజు సాయంత్రం తెల్లలుంగీ, తలమీద టోపీతో దాదా బడి గేటు దాటి వచ్చాడు. వరండా ఎక్కి, సున్నం గీతలు ఒకసారి పరికించి చూసి, చెప్పులు కింద విడిచాడు. కోటు అడిగాడు. అది ఆయనకు బిగుతై వెనక పట్టీ అందలేదు, సబా తాడుతో కట్టింది. మాస్కు పెట్టుకుంటే లోపల గడ్డం నలిగి చిరాకుపడ్డాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. కత్తి చేతిలోకి తీసుకుని బరువు చూసి, మొహం దాకా ఎత్తి మనవరాలికి సలాం చేసేసరికి ఆ నవ్వులు వాటంతటవే ఆగాయి.

నిఖత్ సలాం చేసింది. అడుగు వేసింది. దాదా గుండెల దాకా మొన పోయింది. ఆగింది.

దాదా పొడిచాడు. నిఖత్ భుజం మీద నీలం చుక్క.

మళ్ళీ నిలబడ్డారు. మళ్ళీ ఆగింది. ఈసారి మోచేతి మీద చుక్క. ముసలి చెయ్యి అయినా గురి తప్పలేదు. చుక్క మీద చుక్క పడుతోంది, ఆయన కత్తి ఒక్కసారీ నేలమీద పెట్టలేదు. ఎవరి భుజమూ తాకలేదు. అది చూసి నిఖత్‌కు ఏడుపొచ్చింది. అన్నేళ్ళు నేర్పిన మనిషే తన కట్టుబాటును తన మనవరాలి ముందు, ఊరి పిల్లలందరి ముందు తీసి పక్కన పెడుతున్నాడు. ఆయనకు అదెంత కష్టమో ఆ వరండాలో నిఖత్ ఒక్కదానికే తెలుసు. ఆ కష్టం ఊరికే పోనివ్వకూడదనిపించింది.

పళ్ళు బిగించి అడుగు చాచింది. చెయ్యి ఆగబోయిన చోట భుజం కూడా ముందుకు తోసింది. మొన దాదా ఛాతీ మీద నొక్కుకుని కత్తి విల్లులా వంగింది.

వెంటనే నిఖత్ చెయ్యి దానంతటదే కిందికి దిగుతోంది, కత్తి నేలమీద పెట్టడానికి. దాదా తన ఎడమచెయ్యి పైకెత్తాడు.

"తగిలింది" అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేట్టు. "తగిలించుకున్నవాణ్ణి నేను. నేనే నిలబడి ఉన్నాగదా బేటీ, నువ్వెందుకు కూర్చుంటావ్?"

కత్తి సగంలో ఆగి మళ్ళీ పైకి లేచింది. చీకటి పడేదాకా ఆడారు. ఆ రోజు కోటు ఉతకడానికి దాదా ఒప్పుకోలేదని, చిలక్కొయ్యకు తగిలించి పెట్టుకున్నాడని, కోటు బడిదని మేడం మర్నాడు అడిగి తీసుకుపోవాల్సొచ్చిందని తస్లీమ్ తర్వాత నవ్వుతూ చెప్పేది.

నరసరావుపేట ఇండోర్ హాల్లో నీలిమందు లేదు. కోటు లోపల నుంచి తీగ, వెనక ఆ తీగ చుట్టుకునే గిలక, బల్లమీద లైట్ల పెట్టె. ముబారక్ షాపు మూసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. దాదాకు బస్సు ప్రయాణం పడదు, ఇంట్లోనే ఉన్నాడు. నిఖత్ కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. ముగ్గురి పేర్లు ఖాయమయ్యాక నాలుగో చోటు కోసం నిఖత్‌నూ మాచర్ల పిల్ల ఫర్హీన్‌నూ ఎదురెదురుగా నిలబెట్టారు. ఫర్హీన్ తాటిచెట్టంత పొడుగు. ఎవరు ముందు అయిదు దెబ్బలు తగిలిస్తే చోటు వాళ్ళది.

నాలుగూ నాలుగూ అయ్యాయి.

ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు నిఖత్ మొన ఫర్హీన్ ముంజేతిని తాకింది. లైటు వెలగలేదు. తాకిందిగానీ నొక్కుకోలేదు. పాత చెయ్యి ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. హాల్లో ఎవరికీ అది కనబడలేదు, నిఖత్‌కు మాత్రం తెలిసింది. మెట్ల మీద ముబారక్ లేచి నిలబడ్డాడు. మేడం చేతులు కట్టుకుని చూస్తోంది.

నిఖత్ ఒక అడుగు వెనక్కి వేసి ఊపిరి తీసుకుంది. ఫర్హీన్ ముందుకాలు చూసింది. ఆ కాలి మడమ లేచింది. అంత పొడుగు మనిషి బరువంతా వేసుకుని మీదికి వస్తుంటే, నిఖత్ వెనక్కి జరగలేదు. చెయ్యి చాచింది, చెయ్యి ఆగే చోటు వచ్చింది, ఆ చోటు దాటింది.

నిఖత్ వైపు ఆకుపచ్చ లైటు ఒక్కటే వెలిగింది.

రెఫరీ చూపించేలోపే ఫర్హీన్ మాస్కు వెనక నుంచి చెయ్యెత్తింది. నిఖత్ కత్తి నేలమీద పెట్టలేదు. మొహం దాకా ఎత్తి సలాం చేసి, మాస్కు తీసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ముబారక్ కిందికి దిగివచ్చి, కత్తి మొన మీద వేలు పెట్టి నొక్కి చూసి, స్ప్రింగు బాగా గట్టిగుందే అన్నాడు. మెకానిక్కు కదా.

ఇంటికి చేరేసరికి దాదా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గెలిచావా అని అడగలేదు. ఎక్కడ తగిలిందన్నాడు. నిఖత్ తన భుజం కింద చూపించింది. ఆ పిల్లకు నొప్పెట్టిందా అన్నాడు.

"లేదు దాదా. చెయ్యెత్తింది."

ముసలాయన తలాడించి, గోడకు ఆనించిన కర్ర అందుకుని మనవరాలి చేతిలో పెట్టాడు.

"తెల్లారి మిద్దె మీదికి రా. అక్కడ మాత్రం ఆపాల్సిందే. రెండూ రావాలి నీకు."

నిఖత్ కర్రను కత్తి సంచీ పక్కనే నిలబెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

కనకలక్ష్మి, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది నకరికల్లులో.