ఏడో ఎర్ర పెట్టె

ఇలా పొయ్యి దగ్గరికి జరిగి కూర్చో, ఇంగ్రిడ్ తల్లీ. మీ తాత గురించి మంచి మాటలు నీకు అందరూ చెప్పే ఉంటారు. ఇది మాత్రం నేనే చెప్పాలి.

మా బిట్టర్‌రూట్ లోయలో ఆకులు పండబారే వేళకు వేటకు వెళ్లని ఇల్లు ఉండేది కాదు. సగం ఇళ్ల తూటాలు మీ తాత ఆర్విడ్ చేత్తో చేసినవే. అంగట్లో కొన్న తూటా అన్ని తుపాకులకూ ఒకటే. ఆయనది అలా కాదు. ఎవరైనా రైఫిల్ తెస్తే తుపాకిమందు తక్కువతో మొదలుపెట్టి, మూడేసి కాల్చి, ఖాళీ ఇత్తడి గొట్టాల అడుగు భూతద్దంతో చూసి, రవ్వంత పెంచి మళ్లీ కాల్చేవాడు. ఇత్తడి ఉబ్బినట్టు తేడా కనబడితే అక్కడే ఆగి వెనక్కి తగ్గేవాడు.

"దాని కడుపెంతో దానికే తెలుసే, ఇర్మా. పక్కింటి తుపాకి తిన్నదల్లా ఇది తింటుందా?" అనేవాడు.

తూటాల పెట్టె మీద తెల్ల కాగితం పట్టీ అంటించి, ఎవరి రైఫిలో రాసేవాడు. బల్ల మీద ఎప్పుడూ ఒకే ఒక్క మందు డబ్బా. రెండోది ఉంటే ఒకదానికి బదులు ఒకటి పోసి ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుందని పెళ్లయిన మొదటి వారంలోనే నాకు చెప్పాడు.

డెబ్బై ఆరో ఏట మతిమరుపు మొదలైంది. ఒకనాడు కాఫీలో ఉప్పు వేసుకుంటే ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. మనసు మరిచినా చేతులు మరవవులే అనుకున్నాను. ఆ తప్పు నాది.

ఆ అక్టోబరులో మా మరిది డెల్మర్ వంటింట్లోకి వచ్చాడు. చెంపంతా మసి.

"వదినా, అన్న ఇవి దుప్పి కోసం చేశాడా, రైలింజన్ కోసమా? ఒక్కటి కాల్చేసరికి తుపాకి వెనక తూటా పెట్టే బోల్టు బిగుసుకుపోయింది. చెక్క సుత్తితో కొట్టి తెరిచా."

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తుపాకిని గుమ్మం బయటే వదిలి వచ్చాడు.

షెడ్డులోకి వెళ్లాను. బల్ల మీద రెండు డబ్బాలు, రెంటికీ మూతల్లేవు. ఒకటి రైఫిల్ మందు, నిదానంగా మండేది. రెండోది పిస్తోలుది, మహా చురుకు; రైఫిల్ తూటాలో పోస్తే తుపాకే పేలిపోతుంది. దేనిలోది దేనిలో పోశాడో.

"ఏమండీ, ఈ రెండు డబ్బాలేమిటి?"

"ఎక్కడే రెండు? ఒకటేగా ఉంది," అన్నాడు, వాటి వైపే చూస్తూ.

ఆ సంవత్సరం తూటాలకని నేనే ఏడు ఎర్ర పెట్టెలు కొని తెచ్చాను. డెల్మర్ నన్ను ట్రక్కులో ఇంటింటికీ తిప్పాడు. వాళ్లు పెట్టె నా చేతిలో పెట్టి, తల వంచుకుని తలుపు వేసుకున్నారు. డెల్మర్‌దితో కలిపి ఆరు దొరికాయి.

వాటిలోని తూటాలను ఒక్కొక్కటే ఊడదీసి, గుండు ఒక పక్కన, మందు ఒక పక్కన పోస్తుంటే మీ తాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక తూటా తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఎవరు చేశారో గానీ ఇర్మా, పనివాడే. ఎందుకు పాడు చేస్తున్నావు?"

ఆయన చేతిలోంచి ఆ తూటా కూడా తీసుకుని ఊడదీశాను.

"ఏడో పెట్టె ఎవరికిచ్చారండీ?" అని రోజూ అడిగాను. బతిమాలాను, కసిరాను కూడా.

"మార్విన్‌కి," అన్నాడు ఒకరోజు. ఆయన వేట స్నేహితుడు మార్విన్ పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. ఇంకోరోజు, ఎప్పుడో పోయిన మా నాన్నకిచ్చానన్నాడు. ఆ తర్వాత పెట్టె అంటే ఏమిటని అడిగాడు. చర్చిలో చెప్పించాను, దాణా కొట్టు గోడకు కాగితం అంటించాను. ఎవరూ రాలేదు. ఆయన పోయి మూడు చలికాలాలైంది. ఇక అడగడానికి ఎవరున్నారు?

ఇప్పటికీ అక్టోబరులో కొండ మీద తుపాకి పేలితే చేతిలో పని ఆగిపోతుంది. రెండో మోత వినబడితే, మొదటిది కాల్చినవాడు బతికే ఉన్నాడని ఊపిరి తీసుకుంటాను. ఒక్కోసారి రెండోది వినబడదు.

అందుకే తల్లీ, ఇది గుర్తుపెట్టుకో. ఎర్ర పెట్టె, తెల్ల పట్టీ, కుడివైపు వాలిన చేతిరాత. నువ్వు ఎక్కడికి వెళ్లినా, తుపాకి ఉన్న ప్రతి ఇంట్లో ఈ కథ చెప్పు. మీ తాత పరువు పోతుందని ఆగకు.