నాడి యాభై ఏడు

ఖాజాగూడ లింగమూర్తి పుట్టి బుద్ధెరిగి కల్లు చుక్క ముట్టిన మనిషి కాడు. అయినా షుగరూ, కొవ్వూ కలిసి ఆయన కాలేయాన్ని గట్టిపరిచేశాయి. "తాగకుండ గిట్లెట్లయితది సార్?" అని కిష్టమ్మ డాక్టరునే నిలదీసింది. అలా కూడా అవుతుందన్నాడు ఆయన. గట్టిపడ్డ కాలేయంలో దారి దొరకని రక్తం అన్నవాహిక చుట్టూ ఉన్న నాళాల్లోకి తోసుకొస్తుందనీ, అవి ఉబ్బి ఎప్పుడైనా పగలొచ్చనీ, గుండెను కాస్త మెల్లగా కొట్టుకునేలా చేసి ఆ ఒత్తిడి తగ్గించడానికే రెండు పూటలా ఈ మాత్ర అనీ విడమరిచి చెప్పాడు.

ఆ పది నిమిషాలూ వాళ్ల కూతురు ప్రశాంతి బయట వరండాలో, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో, ఆఫీసు మీటింగ్‌లో ఉంది.

హైటెక్ సిటీలో ఆమె పని సర్వర్లకు కాపలా. అంకె హద్దు దాటితే ఫోన్ మోగుతుంది, ఆమె సరిచేస్తుంది. తండ్రికీ అదే కాపలా పెట్టాలనుకుంది పిచ్చిపిల్ల. నాడి లెక్కపెట్టే వాచీ ఒకటి కొని ఆయన చేతికి కట్టి, నాడి అరవైకి తగ్గితే తన ఫోన్ మోగేలా అమర్చింది.

వారంలోనే మోగింది. యాభై ఏడు. మర్నాడు యాభై ఆరు. ఆఫీసు నుంచే ఫోన్ చేసింది.

"నాయినా, ఆ గోలీ నీ గుండెను మెల్లగ చేస్తున్నది. బంద్ చెయ్యి."

"మెల్లగనే ఉండాలన్నడు బిడ్డా డాక్టర్ సాబ్..."

"సార్‌ని నేనడుగుత. నువ్వు జర నా మాట విను."

లింగమూర్తి విన్నాడు. కూతురి చదువంటే ఆయనకు అంత గురి. ఆమె మాత్రం డాక్టరును అడగలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఉండిపోయింది. నాడి ఎనభైకి చేరింది. ఫోన్ మళ్లీ మోగలేదు. ఆమె నిశ్చింతగా పని చేసుకుంది.

ఇరవై మూడో రోజు పొద్దున ఇడ్లీ తింటూ తింటూ లింగమూర్తి పళ్లెం నిండా నెత్తురు కక్కాడు. దవాఖానలో గొంతులోకి గొట్టం దింపి, పగిలిన నాళాలకు రబ్బరు బ్యాండ్లు వేశారు. ఆయనకు తెలివొచ్చాక డాక్టరు, వాడకుండా మిగిలిన మాత్రలు చేతబట్టి మంచం దగ్గర నిలబడి, "మాత్ర ఎవరు ఆపమన్నారు?" అని గద్దించాడు.

ప్రశాంతి నోరు తెరిచింది.

"ఎవ్వరనలే సార్," అన్నాడు లింగమూర్తి. "నేనే యాది మర్చిన."

ఆమె నోరు మూసుకుంది. దానికే ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేకపోతోంది. రెండు రోజులకు మళ్లీ నెత్తురు పడింది. ఈసారి ఆపడం ఎవరి చేతా కాలేదు.

పరామర్శకు వచ్చిన ప్రతివారితోనూ కిష్టమ్మది ఒకటే మాట. "గోలీ యాది మర్చిండు. ఎన్నిసార్లు చెప్పినా ఇనలే." విన్న ప్రతిసారీ ప్రశాంతి లేచి లోపలికి వెళ్లిపోయేది. పదకొండో రోజు మధ్యాహ్నం, చుట్టాలు వెళ్లిపోయాక, ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, నాయిన మర్చిపోలే. నేనే బంద్ చెయ్యమన్న."

కిష్టమ్మ గిన్నెలు సర్దుతోంది. "నాకెరికే," అంది.

"మరి అందరితోని గట్లెందుకు చెప్తున్నవే?"

"ఆయనే చెప్పమన్నడు. బిడ్డ పేరు బయటికి రావొద్దన్నడు."

ప్రశాంతి తల్లి ఒళ్లో తల పెట్టుకుని బావురుమంది. కిష్టమ్మ చాలాసేపు ఆ తల మీద చెయ్యి వెయ్యలేదు. తర్వాత వేసింది.