గంట కొట్టాక గోడ

ఆ కాలేజీ ఊరంత ఉంటుంది. ముందువైపు అద్దాల మేడలు, ఏసీ గదులు. వెనక, చెత్తకుండీలు దాటాక, రేకుల షెడ్డు. తాపీపని నేర్పేది అందులో. నెలాఖరుకు దాన్ని పడగొట్టి కార్లు నిలపడానికి చోటు చేస్తారట. చేతిపని వాళ్లకు రేకుల నీడ కూడా ఎక్కువే అనుకున్నారు పెద్దలు.

అందుకే ఆ రోజు పరీక్ష, ఆ షెడ్డులో పని నేర్చుకుంటున్న ఆమెకు చావో బతుకో. ఏళ్ల తరబడి నెత్తిన ఇటుకలు మోసిన మనిషి. సర్టిఫికెట్ వస్తే మేస్త్రీ. రాకపోతే మళ్లీ తట్టే.

మధ్యాహ్నానికి మూల తిరిగిన గోడ లేపింది. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన కూర్చుంది.

"బాగుందమ్మా. ఇక ఆయన వచ్చి చూడడమే," అన్నారు మాస్టారు.

ఆయనంటే బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి. కాలేజీకైతే వచ్చాడు, షెడ్డు దొరకలేదు. ఫోన్ చేస్తే ఏదో మేడ మీద ఉన్నానన్నాడు. మాస్టారు వెతుక్కుంటూ వెళ్లారు.

"అద్దాన్ని తలుపనుకుని గుద్దుకునుంటాడు వదినా," అన్నాడు వరస కలుపుతూ, పక్కన గోడ కడుతున్న డ్రైవర్. ఉద్యోగం ఊడి ఇటొచ్చాడు. పరీక్షకు పనికిరావని మాస్టారు తేల్చేసినా, ఇంట్లో కూర్చోలేక రోజూ వస్తాడు.

"నీ గోడ చూసుకో మరిదీ. అచ్చం నీలాగే వంగింది."

గంట కొట్టింది.

ఆ షెడ్డుకో పద్ధతుంది. కొత్త ఇటుకలు కొనరు, సిమెంటు ఇవ్వరు. సులువుగా ఊడొచ్చేలా సున్నం, ఇసుకతో కట్టాలి. గంట కొట్టగానే ఎవరి గోడ వాళ్లు విప్పి, ఇటుకలు గీకి, తర్వాతి క్లాసుకు పేర్చాలి. రెండేళ్లలో ఆమె కట్టిన గోడ ఒక్కటీ తెల్లవారడం చూడలేదు.

డ్రైవర్ తనది ఒక్క తోపుతో పడేశాడు. ఆమె కళ్లు దారి మీదున్నాయి, ఆయన వస్తున్నాడా అని. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"వదినా," అన్నాడు డ్రైవర్ మెల్లగా. "అది పరీక్ష గోడ కదే."

చేతిలో ఇటుక చూసుకుంది. కింద ఒక్క వరసే మిగిలింది.

మాస్టారు, అధికారి చెమటలు కక్కుతూ వచ్చారు.

"గోడేదమ్మా?" అన్నాడు అధికారి.

ఆమె చేతిలోని ఇటుక కింద పెట్టింది. మాస్టారికి అర్థమైంది. "నేను చూశానండీ. నిటారుగా ఉంది. నా మాట నమ్మండి."

"మీరు చూస్తే చాలదు. మళ్లీ కట్టమనండి, ఇంకోసారి వస్తాను."

"ఇంకోసారికి షెడ్డే ఉండదండీ."

"అది నా చేతిలో లేదు."

వెళ్లిపోయాడు. ఈసారి దారి తప్పలేదు.

తర్వాతి క్లాసు వాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. ఆమె వంగి, మిగిలిన వరస విప్పడం మొదలుపెట్టింది.

"వదిలెయ్ వదినా."

"వాళ్లకు ఇటుకలు చాలవు," అంది.