టైలరమ్మ ఊఁ కొట్టిన కథ

టైలరమ్మకి నవలల పిచ్చి పట్టింది. పట్టించింది ఆడపడుచు. చుట్టపుచూపుగా వచ్చి వెళుతూ ఒక నవలని కుట్టుమిషను మీద మరిచిపోయింది. అది చదివాక టైలరమ్మ ఊరుకుంటుందా? ఆ రచయిత్రి రాసినవన్నీ లైబ్రరీ నుంచి మోసుకొచ్చింది. కళ్ళు పుస్తకంలో, చేతులు గుడ్డమీద. పక్కింటి గుమాస్తా చొక్కాకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి. ఇంకొకాయన ప్యాంటు జేబుకి నోరే లేకుండా కుట్టేసింది.

"నలుగురూ నవ్వుతున్నారే!" అని మొగుడు తల పట్టుకుంటే, "ముందు ఒక్క పేజీ చదవండి, తర్వాత మాట్లాడండి," అనేది.

ఇప్పుడు మిగిలింది ఆఖరి నవల. అందులోనూ ఆఖరి అధ్యాయం. తుఫానులో పడవ తీసుకుపోయిన సరంగు తిరిగొస్తాడా, రాడా? రేవులో అతని కోసం ఎదురుచూసే పిల్ల లాంతరు పట్టుకుని నిలబడే ఉంది. టైలరమ్మకి ఊపిరాడటం లేదు. సరిగ్గా అప్పుడే నర్సమ్మ ఊడిపడింది, కొత్త గౌను తొడిగి చూసుకోవడానికి.

నర్సమ్మ హస్తవాసి మంచిదే, ఇంజెక్షను ఇచ్చినట్టే తెలియదు. కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

యూనిఫాం మీదే గౌను తొడిగించి, స్టూలెక్కించి, నోటినిండా గుండుసూదులు కరిచిపట్టుకుని టైలరమ్మ గౌను అంచు మడవసాగింది. నర్సమ్మ చూపు పుస్తకం మీద పడింది.

"అయ్యో, మీరూ ఇదే చదువుతున్నారా! నాకైతే కంటిమీద కునుకు లేదండీ. చివర్లో ఆ సరంగు..."

'ఊహూఁ' అని అరవబోయింది టైలరమ్మ. పెదాల మధ్య సూదులాయె, 'హూ' ఎక్కడ పలుకుతుంది? "ఊఁ" అని మాత్రమే వచ్చింది.

ఊఁ కొట్టే మనిషి దొరికాక నర్సమ్మని పట్టగలమా? "అదేనండీ! తుఫాను వెలిసిందా..."

"ఊఁ! ఊఁ!"

"పడవ కనిపించిందా... అందులో..."

టైలరమ్మ ప్రాణం విలవిల్లాడింది. ఇక లాభం లేదని గౌను అంచు రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున నర్సమ్మ తలమీదికి ఎత్తేసింది. సూదులు అరచేతిలోకి ఉమ్మి, "ఇంకొక్క మాట మాట్లాడారంటే ఇందులోనే పెట్టి కుట్టేస్తా!" అంది.

గౌనులోంచి ఏడుపు గొంతు వినిపించింది. "అడగడం కూడా తప్పేనా అండీ? నా పుస్తకంలో అక్కణ్ణుంచి పేజీలు చిరిగిపోయాయి. ఆ పడవలో సరంగు ఉన్నాడో లేడో చెప్పి, అప్పుడు కుట్టండి!"

టైలరమ్మ నవ్వాపుకోలేక నేలమీద చతికిలబడింది. నర్సమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. ఈసారి ఊఁ కొట్టడం నర్సమ్మ వంతు. ఆఖరి పేజీ అయ్యేసరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశారు. సూదులు గుచ్చుకుంటున్నా లెక్కచేయలేదు.

ఆ గౌను అంచు ఇప్పటికీ ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంటుంది. ఎవరైనా అడిగితే చాలు, "పొట్టి పక్క సరంగు తిరిగి రాకముందు కుట్టింది, పొడుగు పక్క వచ్చాక కుట్టింది," అంటుంది నర్సమ్మ గర్వంగా.

మొన్న ఆ మాట టైలరమ్మ మొగుడి ముందే అనేసింది. ఆయన వీపు వెనక దాచుకున్న నవల జారి కిందపడింది.

"నేనింకా లాంతరు దగ్గరే ఉన్నాను కదమ్మా!" అని ఆయన లబోదిబోమన్నాడు.